తెరచాప మీద అమ్మ

ఆ రోజు వాడరేవులో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ఇల్లుగలావిడ వెంకటేశ్వరమ్మ గారు. ఆవిడ కూతురు, మా పిన్ని శ్రీరమ్య. పిన్ని భర్త, అంటే మా నాన్న తమ్ముడు, శ్రీకృష్ణ బాబాయ్. మా నాయనమ్మ బసవమ్మ. మా అమ్మ చెంచమ్మ. నేను. ఫొటోలు తీసే సుభానీ కూడా ఉన్నాడు కానీ అతను ఇంట్లో కంటే అరుగు మీదే ఎక్కువ ఉన్నాడు. నాన్న లేడు. నాన్న లేకపోబట్టే మిగతా అందరం అక్కడ ఉన్నాం.

మాది ఇంకొల్లు దగ్గర పల్లెటూరు. చుట్టూ నల్లరేగడి, ఒక వైపు పత్తి, ఒక వైపు మిరప. సముద్రం మాకు దగ్గరే అంటారు కానీ కార్తీక మాసంలో స్నానాలకి వెళ్ళడం తప్ప దానితో మాకేం పని ఉండదు. దానితో పని పెట్టుకున్నది మా ఇంట్లో బాబాయ్ ఒక్కడే. ఆయన గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. ఇంజను ఉండదు, గాలి ఎటు తీసుకెళ్తే అటు కాకుండా మనకి కావలసిన వైపు తిప్పుకోవడమే విద్య అని చెబుతాడు. అలాంటి చిన్న పడవలో ఒక్కడే వాడరేవు నుంచి తీరం వెంబడి కృష్ణపట్నం దాకా వెళ్తానని, ఆగిన ప్రతి రేవులోనూ సభ పెట్టి చందాలు పోగుచేస్తానని పోయిన దసరాకి చెప్పాడు. ఆ చందాలు అప్పులపాలై చనిపోయిన కౌలు రైతుల పిల్లల చదువులకి. మంచి పనే. నేను కాదనడం లేదు. వచ్చే ఏడు నేను చేరబోయే ఇంటర్ చదువు కూడా అందులోనే ఉంది.

మా నాన్న రోశయ్య మిరపకాయల లారీ ఎక్కి గుంటూరు వెళ్ళి తిరిగి రాలేదు. కాయలకి వచ్చిన డబ్బు అప్పులకి చాలలేదు, పొన్నూరు దగ్గర కాలవ గట్టున దొరికాడు. అప్పుడు నేను ఆరో తరగతి.

సంక్రాంతి వెళ్ళాక బాబాయ్ సుభానీని వెంటబెట్టుకుని మా ఊరొచ్చాడు. తెరచాప మీద వేయడానికి అమ్మ ఫొటో కావాలన్నాడు. అమ్మ అప్పుడు మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఎర్రటి కాయల మధ్య కూర్చోబెట్టి సుభానీ అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు.

"నవ్వొద్దమ్మా" అన్నాడు.

అమ్మ నవ్వడం లేదు. ఎండకీ ఘాటుకీ మొహం అలా అయింది.

ఇంకాసేపు చూసి అతను బాబాయ్ వైపు తిరిగి ఏదో గొణిగాడు. బాబాయ్ నేల చూశాడు. చివరికి సుభానీయే అడిగాడు. "అమ్మా, ఏమనుకోవద్దు. ఆ బొట్టు తీసేస్తారా? చూడగానే తెలియాలి కదమ్మా, సంగతి."

అమ్మ పెట్టుకునేది చిన్న నల్ల స్టిక్కరు. దాన్ని తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చని ముంజేతి మీద అతికించుకుంది. ఫొటోలో అది కూడా పడింది. తెరచాప మీదికి ఎక్కాక ఆ చుక్క పళ్ళెమంత అయింది. అదేమిటని ఒక్కరూ అడగలేదు.

ఫొటోలు అయిపోయాక బాబాయ్ అన్నాడు, "వదినా, పడవ బయలుదేరే రోజు పచ్చజెండా నువ్వే ఊపాలి."

"నేనెందుకులే శ్రీకృష్ణా. ఎవరన్నా పెద్దవాళ్ళని పిలవకూడదూ?"

"నువ్వు కాకపోతే ఎవరు? ఇదంతా నీ లాంటి వాళ్ళ కోసమే కదా. పడవకి ఎదురుగా నుంచుని నీ చేత్తో జెండా ఊపాలి. అప్పుడే నేను కదిలేది."

నాయనమ్మ మంచం మీద నుంచి, "అదేం జెండా ఊపుద్దిరా, పప్పుగరిటె తిప్పినట్టు తిప్పుద్ది" అంది. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. సుభానీ అప్పటికి కెమెరా సర్దేశాడు.

బాబాయ్ మామూలుగా అన్న ఆ మాట అమ్మకి మామూలు మాట కాదు. మా వైపు ఎవరు ఏ పని మీద బయలుదేరినా ఎదురు చూసుకుంటారు. గుమ్మం దాటగానే ముందు కనిపించే మనిషి మంచి మనిషి అవ్వాలి. ముత్తైదువనో కన్నెపిల్లనో నీళ్ళ బిందె ఇచ్చి ఎదురు రమ్మంటారు. భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు. ఎవరూ అమ్మకి ఈ సంగతి నోటితో చెప్పలేదు. నాన్న పోయిన ఏడాది కాయల బండి కదిలేటప్పుడు అమ్మ తనంతట తనే పెరట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత అది అలవాటైపోయింది. మేనమామ కొత్త బండి కొన్నప్పుడు, పక్కింటివాళ్ళు పెళ్ళిచూపులకి వెళ్ళేటప్పుడు, అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి పోతుంది. నేను పరీక్షలకి బయలుదేరేటప్పుడు కూడా అంతే. జడ వేసి, పెరుగన్నం పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. "పెన్నులు పెట్టుకున్నావా?" అని లోపలి నుంచి అడుగుతుంది. నేను తలుపుతో "ఆ, పెట్టుకున్నా" అని చెప్పి వెళ్తాను.

అలాంటి అమ్మని, ఎదురుగా నుంచోమని బాబాయ్ నలుగురిలో అడిగాడు. ఆ రోజు నుంచి ఆవిడకి కావలసింది అదొక్కటే అయింది. అడగలేదు, చెప్పుకోలేదు. కానీ నేను చూశాను. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి పైకెత్తి, ఆ కొసకీ ఈ కొసకీ ఊపి, బాగాలేదనుకుందేమో, కాస్త నెమ్మదిగా మళ్ళీ ఊపింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి, గేటు దగ్గర గట్టిగా దగ్గి, అప్పుడు లోపలికి వచ్చాను.

చీర కూడా నిర్ణయమైంది. నాన్న కొన్న చీరాల నేత చీర, నిమ్మపండు రంగుది. నాన్న ఉన్నప్పుడు కట్టినదే, తర్వాత బీరువాలోంచి తీయలేదు.

ముందు రోజే అందరం వాడరేవు చేరాం. ఇల్లు సముద్రానికి దగ్గరే, వీధి చివరికి వెళ్తే ఇసక. పొద్దున్నే అమ్మ తలంటుకుని నిమ్మపండు రంగు చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. సభకి వచ్చేవాళ్ళకి పులిహోర కలుపుతోంది. నేను పక్కన కూర్చుని పల్లీల పొట్టు తీస్తున్నాను. వంటింటికీ ముందు గదికీ మధ్య ఉన్నది ఒక కర్టెను.

ఆ కర్టెను అవతల వెంకటేశ్వరమ్మ గారు బాబాయ్‌ని అడిగారు. "అల్లుడుగారూ, ఎదురు ఎవరొస్తున్నారు?"

"సముద్రంలోకి వెళ్తుంటే ఎదురేంటండీ అత్తయ్యగారూ? ఎదురొచ్చేది అలలే."

"ఎగతాళి చెయ్యమాకండి. మీ కోచింగ్ సెంటర్లో పిల్లల హాల్ టికెట్లు దేవుడి దగ్గర పెట్టి పూజ చేయించింది ఎవరో నాకు తెలియదా?"

"అది వాళ్ళ తల్లిదండ్రుల తృప్తి కోసమండీ."

"నా తృప్తి కోసం ఇది. సరే, ఎవరొస్తున్నారో చెప్పండి."

"జెండా వదిన ఊపుతుందండి."

"ఎక్కడ నుంచుని?"

"పడవకి ముందు."

"పడవకి ముందు" అని ఆవిడ మళ్ళీ అన్నారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. "నాకున్నది ఒక్కతే కూతురు బాబూ. మీరు ఇంజను లేని పడవెక్కి నడి సముద్రంలోకి పోతానంటే ఒక్క మాట అనలేదు నేను. ఇప్పుడూ అనను. మీ ఇష్టం."

"అమ్మా, ఊరుకో" అంది పిన్ని.

"నేనేమన్నానే? ఆ అమ్మాయంటే నాకు మాత్రం కోపమా? బంగారం లాంటి మనిషి. నేను చెప్పేది మనిషి సంగతి కాదు."

ఇక్కడ బాబాయ్ కాదంటాడని నేను ఎదురుచూశాను. బాబాయ్ మైకు పట్టుకుంటే మూఢనమ్మకాల మీద ఎంతసేపైనా మాట్లాడతాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడికే వచ్చి మాట్లాడాడు.

"నాకలాంటి పట్టింపులు లేవండీ" అన్నాడు బాబాయ్. "కానీ ఒకటి. వెనకాల మోటారు బోటులో వచ్చేది బుల్లయ్య వాళ్ళు. సముద్రం మీద బతికేవాళ్ళకి ఇలాంటివి ఎక్కువ. వాళ్ళు మనసులో పెట్టుకుని రామన్నారనుకోండి, అసలుకే ఇబ్బంది."

"అదీ మాట. వాళ్ళ కోసమన్నా చూడాలిగా" అన్నారు వెంకటేశ్వరమ్మ గారు. ఆవిడ గొంతులో బరువు దిగిపోయినట్టుంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చెయ్యి ఆగలేదు. అన్నం మెతుకు విరగకుండా, అడుగు నుంచి పైకి, పసుపు అంతటా పట్టేట్టు కలుపుతూనే ఉంది.

కాసేపటికి పిన్ని కర్టెను తప్పించుకుని వచ్చింది. అమ్మ పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. పిన్ని చెడ్డది కాదు. నాకు ఏటా బట్టలు కొంటుంది.

"అక్కా, ఇసకలో ఎండ మామూలుగా లేదు. నీకసలే కళ్ళు తిరుగుతాయి. భాను ఊపుద్దిలే జెండా. నీ బదులు నీ కూతురంటే, నువ్వు ఊపినట్టే కదా?"

"సరే రమ్యా."

"నీకేం బాధ లేదుగా?"

"బాధేముంది? పులిహోర నోట్లో వేసుకుని చూడు, ఉప్పు సరిపోయిందో లేదో."

పిన్ని చూసింది. సరిపోయిందంది. వెళ్ళిపోయింది.

"నేను ఊపనమ్మా" అన్నాను.

"ఇటు తిరుగు. జడ వేస్తాను."

"నాకు అంతమందిలో భయం. నేను ఊపను."

"తల కదల్చమాక" అంది అమ్మ. జడ గట్టిగా వేసింది, కణతలు లాగేంత గట్టిగా. కనకాంబరాలు పెట్టింది. లంగా ఓణీ కుచ్చిళ్ళు సర్దింది. అన్నీ అయ్యాక నా మొహం కాస్త దూరంగా పట్టుకుని చూసి, "బాగుంది" అంది.

అప్పుడే నాయనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "రా చెంచమ్మా, మనం లోపలికి పోదాం. వాళ్ళు బయలుదేరతారు" అంది. వాన వస్తోంది, బట్టలు తీద్దాం రా అన్నట్టే అంది. తాతయ్య పోయినప్పటి నుంచీ నాయనమ్మకి ఇది పనుల్లో ఒక పని. ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. అమ్మ చీర మార్చుకోలేదు.

ఇసకలో షామియానా వేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు, మగవాళ్ళు, బ్రాడీపేట నుంచి బస్సులో వచ్చిన కోచింగ్ సెంటర్ పిల్లలు, అందరూ పడవ చుట్టూ మూగారు. తెల్లటి చిన్న పడవ. దాని తెరచాప నిండా మా అమ్మ. అంత పెద్ద అమ్మని నేనెప్పుడూ చూడలేదు. కోచింగ్ సెంటర్ పిల్లలు అమ్మ గడ్డం కింద నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేను ఆమె కూతుర్నని ఎవరికీ తెలియదు. చెప్పుకోవాలని కూడా నాకు లేదు.

గాలి బాగుంది, బయలుదేరదాం అన్నాడు బుల్లయ్య. ఆయన నల్లగా, పొట్టిగా, మెడలో ఎర్ర తువ్వాలుతో ఉన్నాడు.

"వర్జ్యం వెళ్ళాలయ్యా" అన్నారు వెంకటేశ్వరమ్మ గారు.

"వర్జ్యం వెళ్ళేలోపు గాలి వెళ్తదండీ."

"వెళ్తే మళ్ళీ వస్తుంది. వర్జ్యంలో పోతే మనిషి రాడు."

బుల్లయ్య పడవ అంచు మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. పడవ మూతి సముద్రం వైపు ఉంది. దానికి ఎదురు రావాలంటే సముద్రం వైపు నుంచి రావాలి. మా ఊళ్ళో లారీకైనా ట్రాక్టరుకైనా ముందు రోడ్డు ఉంటుంది, ఎదురొచ్చేవాళ్ళు ఆ రోడ్డు మీదే వస్తారు. ఈ సంగతి ఎవరూ ఆలోచించలేదు. వెంకటేశ్వరమ్మ గారు సముద్రం వైపు చూసి, నా వైపు చూసి, "మోకాలి లోతు దాకా వెళ్ళి, అక్కడ నుంచి తిరిగి రా. ఏం కాదు" అన్నారు. ఒక చేతిలో నీళ్ళ చెంబు పెట్టారు. ఇంకో చేతిలో జెండా.

నేను అక్కడే నిలబడ్డాను. బుల్లయ్య నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఆ బొమ్మలో ఆమె కూతురివా? అదే మొహం. అమ్మగారు రాలేదేమ్మా? జెండా ఆవిడే ఊపుద్దని చెప్పాడు మీ బాబాయ్. మా ఆడాళ్ళు ఆమెని చూద్దామనే వచ్చారు."

"అమ్మ ఎదురొస్తే... మీకు ఫర్వాలేదా?"

"మాకేంటమ్మా?" అన్నాడు. నేనేం అడిగానో ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకుండానే బీడీ పారేసి తాళ్ళు చూసుకోవడానికి వెళ్ళాడు.

మైకులో బాబాయ్ గొంతు వచ్చింది. నారింజ రంగు లైఫ్ జాకెట్‌తో ఆయన నిజంగా బాగున్నాడు. "మా అన్నయ్య రోశయ్య..." అంటూ మొదలుపెట్టాడు. ఆ పేరు దగ్గర గొంతు వణికింది, అది నటన కాదు, నాకు తెలుసు. "ఈ రోజు మా వదినగారు ఇక్కడ ఉండాల్సింది. ఆవిడ చేతులతో ఈ జెండా ఊపాల్సింది. కానీ ఆవిడకి ఒంట్లో బాగాలేదు. ఆవిడ తరఫున ఆవిడ కూతురు..." అందరూ చప్పట్లు కొట్టారు. ఊరి ఆడవాళ్ళు "అయ్యో పాపం" అన్నారు.

నేను నీళ్ళలోకి వెళ్ళాను. ఫిబ్రవరి నీళ్ళు చల్లగా ఉన్నాయి. లంగా తడిసి కాళ్ళకి చుట్టుకుంది. మోకాళ్ళ దాకా వచ్చాక వెనక్కి తిరిగాను.

తిరిగేసరికి నాకు ఎదురుగా అమ్మ ఉంది. బొట్టు లేకుండా, కాయల మధ్య కూర్చుని, ఊరందరినీ వెనక పెట్టుకుని, ముందుకు చూస్తోంది. ఇంట్లో తలుపు వెనక కూర్చోబెట్టి వచ్చిన మనిషి బొమ్మనే ముందు కట్టుకుని బయలుదేరుతున్నారు. అది ఎవరికీ పట్టలేదు. వెంకటేశ్వరమ్మ గారికి కూడా. బొమ్మకి ఎదురు పట్టింపు లేనట్టుంది. అంతలో గాలి విసిరింది. గుడ్డ ఉబ్బింది. అమ్మ బుగ్గలు నిండి, పెదాలు రెండు వైపులా సాగాయి. సుభానీ నవ్వొద్దన్న మొహం, నవ్వింది.

నేను ఇంక అక్కడ ఉండలేకపోయాను. అమ్మని తీసుకొస్తాను, వాళ్ళు ఆగుతారు, ఆగకపోతే బుల్లయ్య గారిని ఆపమంటాను అనుకుంటూ నీళ్ళలోంచి బయటికి నడవడం మొదలుపెట్టాను. పడవ పక్కకి వచ్చేసరికి, "బాబాయ్, అమ్మని తీసుకొస్తాను. ఆగండి" అన్నాను. అలల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. బాబాయ్ కెమెరా వైపు చెయ్యి ఊపుతున్నాడు. నేను ఆగకుండా పడవ దాటి, షామియానా దాటి, ఇంటి వైపు నడిచాను.

వెనక చప్పట్లు మోగాయి. ఈలలు వేశారు. తిరిగి చూస్తే నలుగురు మనుషులు పడవని నీళ్ళలోకి తోస్తున్నారు. నేను ఎదురొచ్చాననుకున్నారు. నిజమే, వచ్చాను. నిండు చెంబుతో, పూలు పెట్టుకుని, సముద్రం లోంచి పడవకి ఎదురుగా నడిచి వచ్చాను. కాదనడానికి ఏమీ లేదు.

"జెండా! పాపా, జెండా ఊపలేదు!" అని సుభానీ అరిచాడు.

"జెండాదేముంది, ఎదురు చక్కగా వచ్చింది" అని వెంకటేశ్వరమ్మ గారు అన్నారు. "చూశావా, ఆ పిల్ల రాగానే గాలి ఎలా లేచిందో!"

తెరచాప వంగి, అలల మీద లేచి, దూరమవుతోంది. నేను ఇంటికి పరిగెత్తాను.

వెనక గది తలుపు వేసి ఉంది. నాకు ఎందుకో బయట గొళ్ళెం పెట్టి ఉంటారనిపించింది. గొళ్ళెం లేదు. తలుపు తట్టాను. అమ్మ తీసింది. నాయనమ్మ చాప మీద కొంగు మొహాన వేసుకుని నిద్రపోతోంది. గదిలో మిక్సీ అట్టపెట్టెలు, పాత కూలరు, ఎక్కడా కిటికీ లేదు. నిమ్మపండు రంగు చీర ఒక్కటే కనపడుతోంది.

అమ్మ ముందు నా చేతిలో చెంబు చూసింది. "నీళ్ళు తొణకలేదుగా?"

"లేదు."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. అమ్మా, రా. ఇంకా కనిపిస్తుంది. ఇప్పుడు ఎదురు కాదుగా, వెళ్ళిపోయింది. వెనక నుంచి ఊపొచ్చు. ఇదుగో జెండా, నేను ఊపలేదు."

అమ్మ జెండా తీసుకుంది. గుడ్డ తడిసింది. కొస పట్టుకుని పిండింది, ముడతలు పోయేట్టు వేళ్ళతో సాపు చేసింది. ఒక్క క్షణం, వస్తుందనుకున్నాను.

"వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలుస్తారా ఎవరన్నా?" అంది.

"పిలవక్కర్లేదు. ఊరికే ఊపు. ఎవరూ వెనక్కి చూడరు."

అమ్మ కదల్లేదు.

"బుల్లయ్య గారి వాళ్ళకి ఏం పట్టింపు లేదమ్మా. బాబాయ్ అబద్ధం చెప్పాడు. వాళ్ళ ఆడవాళ్ళు నిన్ను చూడాలని వచ్చారట."

"తెలుసు."

"తెలుసా? తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

నా గొంతు పెరిగింది. ఇంట్లో నేను అలా మాట్లాడటం అదే మొదలు. నాయనమ్మ కొంగు కింద కదిలింది. అమ్మ నన్ను తిట్టలేదు. జెండాని కర్రకి చుట్టడం మొదలుపెట్టింది.

"మీ నాన్న గుంటూరు వెళ్ళిన రోజు ఎదురొచ్చింది ఎవరనుకున్నావు?" అంది. "నేనే. బసవమ్మత్తయ్య తలంటి, పూలు పెట్టి, నిండు బిందె చంకన పెట్టి నన్ను పంపింది. లారీ ముందు నుంచి నడిచి వచ్చాను. మీ నాన్న పైనుంచి చూసి, ఎవరీ లక్ష్మీదేవి అని ఎగతాళి కూడా చేశాడు."

"మరి అయితే, ఎదురంతా ఉత్తిదే కదమ్మా. నువ్వు అన్నీ సరిగ్గా చేసినా..."

"ఉత్తిదేమో. లేకపోతే నా ఎదురే మంచిది కాదేమో, అప్పుడు కూడా." చుట్టడం అయిపోయింది. "ఏదో తేల్చుకోవడానికి ఇంకో మనిషిని సముద్రం మీదకి పంపనా? ఆయనకి ఏమన్నా అయితే వాళ్ళు అనేది తర్వాత సంగతి, భానూ. నేను ఏమనుకోవాలి?"

పొద్దుట నుంచీ వెంకటేశ్వరమ్మ గారి మీద, బాబాయ్ మీద, పిన్ని మీద కోపం పోగుచేసుకుని తెచ్చాను. దాన్ని ఎక్కడ దింపాలో తెలియలేదు.

బయట కారు హారన్ మోగింది. పిన్ని గొంతు. "భానూ! ఎక్కడున్నావే? త్వరగా రా, నీ బట్టల సంచీ తెచ్చుకో! కొత్తపట్నం వెళ్తున్నాం!"

వీధి గుమ్మం దగ్గరకి వచ్చి పిన్ని గబగబా చెప్పింది. పడవ సాయంత్రానికి కొత్తపట్నం చేరుతుందట. రేపు అక్కడ నుంచి బయలుదేరుతుందట. నా ఎదురు కలిసొచ్చిందని, ప్రతి రేవులోనూ నేనే ఎదురు రావాలని వెంకటేశ్వరమ్మ గారు పట్టుబట్టారట. మోటారు బోటు పక్కకి వస్తే బుల్లయ్య ఫోన్ అందుకుని బాబాయ్ సరేనన్నాడట. "పరీక్షల లోపు తెచ్చి దింపుతాంలే అక్కా. అక్కడ భానుతో రెండు మాటలు కూడా మాట్లాడిద్దామంటున్నారు మీ మరిది, మైకులో. మీ గురించి."

"మంచిది" అంది అమ్మ. "పంపిస్తున్నా, కారు దగ్గర ఉండు."

పిన్ని వెళ్ళింది.

"నేను వెళ్ళను" అన్నాను.

"వెళ్ళకపోతే తల్లి ఆపిందంటారు."

అమ్మ నా సంచీ తెచ్చింది. తడి లంగా విప్పించి పొడిది కట్టించింది. సంచీలో పుస్తకాలు అడుగున, బట్టలు పైన పెట్టింది. నేను రోజూ రాసుకునే డైరీ కూడా మర్చిపోకుండా పక్క అరలో దూర్చింది. ఒక డబ్బాలో పులిహోర పెట్టింది. చివరికి జెండా కర్ర సంచీలో నిలువుగా గుచ్చింది. కొస బయటికి కనపడుతోంది.

"ఇక్కడ మర్చిపోయావుగా. కొత్తపట్నంలో ఊపు. మరీ గబగబా ఊపమాక. నెమ్మదిగా, ఈ కొస నుంచి ఆ కొసకి." చెయ్యి కొంచెం పైకెత్తి చూపించబోయి, దింపేసింది.

హారన్ మళ్ళీ మోగింది.

నేను సంచీ భుజాన వేసుకున్నాను. గది గుమ్మం దాటి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాను. "గేటు దాకా రా అమ్మా. కార్లో బాబాయ్ లేడుగా. పిన్నీ నేనే."

అమ్మ గుమ్మం లోపలే నిలబడింది. నన్ను పై నుంచి కింద దాకా చూసింది. కనకాంబరాలు ఒక పక్కకి జారినట్టున్నాయి, చెయ్యి చాపింది. గుమ్మం దాటాల్సి వస్తుందని గుర్తొచ్చిందేమో, మధ్యలో ఆపేసింది.

"నువ్వు బయలుదేరుతున్నావుగా" అంది.

తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది.